పిలిస్తే పలకని బిడ్డ: శ్రవణ నిపుణులు అడుగవలసిన రెండవ ప్రశ్న

మన నెల్లూరు సీమలో మాట రాని బిడ్డను ఎత్తుకొని తల్లిదండ్రులు ఎక్కని గడప ఉండదు. జొన్నవాడ కామాక్షితాయి సన్నిధిలో నిద్ర చేస్తారు. గొలగమూడిలో వెంకయ్యస్వామి వారి మందిరం చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. మొహర్రం నాళ్లలో స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా వద్ద, రొట్టె పుచ్చుకొంటారు. ఇంట్లో ముసలమ్మలు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. ఈ మొక్కులను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. మొక్కుతో పాటు చెవి పరీక్ష కూడ చేయించవలెననే ఎరుక ఈ పాతికేళ్లలో జనంలో పెరిగినది. అది సంతోషించదగిన సంగతి.

అయితే ఆ పరీక్షతోనే అంతా తేలిపోయినదని అనుకోవడం వల్ల కొందరు బిడ్డలకు ఏళ్ల తరబడి నష్టం జరుగుతున్నది. చెవుడు ఉన్న బిడ్డకు దానితో పాటు ఆటిజం కూడ ఉండవచ్చు. ఆ రెండవదానిని అందరికంటె ముందుగా పసిగట్టగల స్థానంలో ఉన్నవారు శ్రవణ నిపుణులు, అనగా ఆడియాలజిస్టులు. నేను తర్కవ్యాకరణాలు చదువుకొన్నవాడను. వైద్యంలో నాకు ప్రవేశం లేదు. మా తమ్ముని మనుమరాలు ఈ విద్య చదివి వృత్తి చేస్తున్నది. ఆమెను ప్రశ్నించి, ఆమె ఇచ్చిన పుస్తకాలు చదివించుకొని, గ్రహించినంత ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా రెండింటి స్వరూపం. పుట్టుచెవుడు ఇంద్రియానికి సంబంధించినది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉన్నది. దానిలోని అతిసూక్ష్మమైన కణాలు శబ్దాన్ని నాడికి అందిస్తాయి. చాలమంది పుట్టుచెవిటి పిల్లలలో లోపం ఈ కణాలలోనే. పుట్టిన ప్రతి వేయిమందిలో ఒకరి నుండి ముగ్గురి వరకు ఇట్టి చెవుడు ఉంటుందని సాధారణంగా లెక్క కడతారు. ఆటిజం అట్టిది కాదు. అది మెదడు ఎదిగే తీరులోని భేదం. ఎదుటివారి ముఖం, చూపు, వేలు, స్వరం వీటి ద్వారా మనుష్యులు ఒకరితో ఒకరు కలిసే మార్గం ఆ బిడ్డలకు సహజంగా అలవడదు. చేసిన పనినే మరల మరల చేయడం, చిన్న మార్పుకే కలతపడటం, కొన్ని శబ్దాలకు స్పర్శలకు అతిగా బెదరడం ఉంటాయి. దీనికీ బుద్ధిమాంద్యానికీ భేదం ఉన్నది. కొందరిలో రెండూ కలిసి ఉండవచ్చు. ఉత్తరాదివారు దీనిని స్వలీనత అంటారు. నాకు ఆ మాట నచ్చదు. తనలో తాను లీనమగుట యోగి లక్షణం వలె వినిపిస్తుంది. ఈ బిడ్డలకు లోకం అక్కరలేక కాదు, లోకపు సంజ్ఞలు వారికి అందే తీరు వేరు.

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల వృత్తాంతాన్ని ప్రకటించి ఈ స్థితిని లోకానికి తెలియజేసినాడు. ఆ పిల్లలలో కొందరిని అంతకు మునుపు చెవిటివారనే భావించినారట. చెవుడుకూ ఆటిజానికీ మధ్య తికమక ఆ పేరుతో పాటే పుట్టినదన్నమాట.

తర్కసంగ్రహం చదివిన ప్రతి విద్యార్థికీ కొండ మీది పొగ తెలుసు. పొగ ఉన్నది గనుక నిప్పు ఉన్నది అంటాము. నిప్పు లేనిచోట పొగ ఎన్నడూ కనబడదు గనుక ఆ హేతువు నిలుస్తుంది. ఇప్పుడు, ఈ బిడ్డ పిలిస్తే తిరగడు గనుక చెవిటివాడు అనే అనుమానాన్ని చూడండి. చెవి చక్కగా ఉండి ఆటిజం గల బిడ్డ కూడ పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవచ్చు. సాధ్యం లేనిచోట సైతం హేతువు కనబడినది. దీనిని శాస్త్రంలో అనైకాంతిక హేతువు అంటారు. దానితో ఏమీ సిద్ధించదు. దీనిని తిరగవేసినా అంతే. సినిమా పాట వినబడితే పరుగెత్తుకొని వస్తాడు గనుక చెవి బాగున్నది అని కొందరంటారు. కొన్ని చెవుళ్లలో లావు శబ్దాలు వినబడి, సన్నని శబ్దాలు వినబడవు. తప్పెట వినపడుతుంది, 'స'కారం వినపడదు. అట్టి బిడ్డకు ఆటిజమని పేరు పెట్టి చెవిని పరీక్షించకుండ వదలివేయడం మరొక అపచారం. అందుకే ఆటిజం అనుమానం కలిగిన ప్రతి బిడ్డకూ మొదట వినికిడి పరీక్ష చేయవలెనని వైద్యులు నియమం పెట్టుకొన్నారు. ఆ విధంగా ఎటునుండి వచ్చిన బిడ్డ అయినా శ్రవణ నిపుణుల గది గుండానే పోవలసి ఉన్నది.

ఆ గదిలో ఏమి జరుగుతుంది? పసిబిడ్డను నోరు తెరచి సమాధానం అడుగలేము గదా. చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపితే, ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి దానికి మారుగా తానొక అతిసన్నని ధ్వనిని వెలువరిస్తుంది. యంత్రం దానిని పట్టుకొంటుంది. దీనిని ఓ.ఏ.ఇ. పరీక్ష అంటారు. బిడ్డ నిద్రపోతుండగా నుదుటిపైన, చెవుల వెనుక తీగలు అతికించి, శబ్దానికి నాడిలోను మెదడు అడుగుభాగంలోను కలిగే స్పందనను గీతలుగా చూసేది బెరా పరీక్ష. ఈ రెండింటికీ బిడ్డ సహకారం అక్కరలేదు. మూడవ రకంలో బిడ్డను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, ఒక ప్రక్క నుండి శబ్దం చేసి, తల తిప్పితే వెలుగుతో ఆడే బొమ్మను చూపుతారు. ఆరు నెలలు దాటిన బిడ్డలు దీనికి ఉత్సాహంగా తల తిప్పుతారు.

నిద్రలో తీసిన బెరాలో చెవి ఎంత వింటున్నదో తెలుస్తుంది. మెలకువలో చేసిన పరీక్షలో బిడ్డ విన్నదానితో ఏమి చేస్తున్నాడో తెలుస్తుంది. మొదటిది బాగుండి రెండవది బాగులేకపోతే, లేదా ఈ పూట ఒక విధంగా మరుపూట మరొక విధంగా బిడ్డ స్పందిస్తుంటే, అనుభవం గల నిపుణులు యంత్రాన్ని నిందించరు, బిడ్డ మొండివాడనీ అనరు. ఆ రెండు ఫలితాల నడుమ ఉన్న ఎడమే వారికి సూచన. మనస్సుతోనే మనిషి వింటాడని బృహదారణ్యకం చెబుతున్నది. నైయాయికులు కూడ ఇంద్రియానికి మనస్సు తోడుకానిదే జ్ఞానం కలుగదన్నారు. దీనిని విని ఎవరూ ఆటిజం అంటే ధ్యాస లేకపోవడమే అనుకోరాదు. గద్దిస్తే వచ్చే ధ్యాస కాదు అది.

ఇక అసలు చిక్కు. చెవి నిజంగానే వినపడదని తేలినది. అప్పుడు బిడ్డలోని ప్రతి లక్షణాన్నీ ఆ చెవుడుకే కట్టబెడతాము. ముఖం చూడడు, చెవుడు గనుక. తోటి పిల్లలతో ఆడడు, చెవుడు గనుక. పెద్దగా ఏడుస్తాడు, చెప్పుకోలేడు గనుక. ఒక కారణంతో కార్యం కుదిరితే రెండవ కారణాన్ని కల్పించడం గౌరవమనీ, ఒకదానితో సరిపెట్టడం లాఘవమనీ తార్కికులు అంటారు. రెండవదానిని అన్యథాసిద్ధమని ప్రక్కన పెడతారు. వాదసభలో లాఘవం భూషణమే. బిడ్డ విషయంలో అది ప్రమాదం. దేహం మన లాఘవాన్ని పాటించవలెనని ఎక్కడా లేదు.

అమెరికాలో గాలడెట్ విశ్వవిద్యాలయం వారు ఏటా సేకరించే వివరాలను బట్టి 2009–10లో ఎనిమిదేళ్ల ప్రాయపు బధిర బాలలలో 59 మందికి ఒకరు ఆటిజానికి సంబంధించిన సేవలు కూడ పొందుతున్నట్లు తేలినది. అదే కాలంలో వినికిడి గల పిల్లలలో ఆ దేశపు అంచనాలు 91 మందికి ఒకరు, 110 మందికి ఒకరు. కొన్ని మూలకారణాలు రెండింటికీ ఉమ్మడిగా ఉండటం దీనికి ఒక హేతువు. నెలలు నిండక పుట్టడం అట్టిది. గర్భిణికి సోకే రుబెల్లా మరొకటి. 1964లో అమెరికాలో ఆ జాడ్యం ప్రబలిన తరువాత న్యూయార్కులో స్టెల్లా చెస్ అనే వైద్యురాలు, కడుపులో ఉండగా దాని బారిన పడిన 243 మంది పిల్లలను పరిశీలించి, 10 మందిలో ఆటిజం పూర్తిగాను, మరి 8 మందిలో పాక్షికంగాను గుర్తించింది. ఆ పిల్లలలో చాలమందికి చెవుడు కూడ ఉన్నది. మన దేశంలో తట్టుతో పాటు రుబెల్లాకు టీకా ఇవ్వడం 2017లో మొదలైనది. ఆడపిల్లకు ఆ టీకా వేయించడం పుట్టబోయే బిడ్డ చెవికి కూడ రక్ష. మేనరికాల సంగతి ఈ ప్రాంతంలో వేరుగా చెప్పనక్కరలేదు. దగ్గరి రక్తసంబంధంలో పెండ్లిళ్లు వంశపారంపర్య చెవుడును పెంచుతాయనడంలో సందేహం లేదు.

శ్రవణ నిపుణులే ఎందుకు, పిల్లల వైద్యులు చూడరా అని అడుగవచ్చు. చూస్తారు. కాని పిల్లల వైద్యుని వద్ద జ్వరమొచ్చినప్పుడు పది నిమిషాలు ఉంటాము. వినికిడి యంత్రం పెట్టిన బిడ్డ శ్రవణ నిపుణుల వద్దకు మాటిమాటికీ పోవలసినదే. చెవి పెరిగినకొలదీ చెవి అచ్చు మార్చాలి. కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చిన బిడ్డకైతే ఎంత విద్యుత్తు పంపవలెనో మొదటి ఏడాదిలో పలుమార్లు సరిచూడాలి. దానిని మ్యాపింగ్ అంటారు. ప్రతిసారీ అరగంట, గంట. బిడ్డ ఎదురుగా కూర్చుని, శబ్దం చేసి, అతడు ఏమి చేస్తాడో చూడటమే ఆ వృత్తి. ఇంతకాలం ఇంత దగ్గరగా, ఇంత నిశితంగా ఆ బిడ్డ ప్రవర్తనను గమనించే పరాయి మనిషి మరొకరు లేరు. పైగా ఒక వంద చెవిటి పిల్లలు ఎట్లుంటారో వారికి తెలుసు. ఆ వందలో ఒకడు వేరుగా ఉంటే వారి కంటికి ఆనుతుంది.

ఆ వేరుదనం ఏమిటి? కేవలం చెవుడు మాత్రమే ఉన్న బిడ్డ మాటకు బదులు కండ్లను, చేతులను, ముఖాన్ని అంతకంతగా వాడుకొంటాడు. తల్లి చందమామను చూపితే ఆ వేలి వెంబడి చూస్తాడు, తిరిగి తల్లి ముఖం చూస్తాడు. జేజకు దండం పెట్టమని చేసి చూపితే తానూ చేస్తాడు. పప్పు డబ్బా కావాలంటే దానిని వేలితో చూపి, తల్లి చూసినదా లేదా అని కనిపెడతాడు. కొత్త లాగూ తొడిగితే అందరికీ చూపించుకొంటాడు. ఉత్తుత్తి వంట వండి ఉత్తుత్తి అన్నం తినిపిస్తాడు. ఇందులో ఏ ఒక్కదానికీ చెవి అక్కరలేదు గదా. ఆటిజం కూడ ఉన్న బిడ్డలో ఇవే వెనుకబడతాయి. కావలసినదానిని వేలితో చూపడు. పెద్దవారి ముంజేయి పట్టుకొని, ముఖం వంక చూడకుండ, ఆ చేతిని ఒక పనిముట్టు వలె డబ్బా మీదికి తీసుకొనిపోతాడు. బండి బొమ్మను నడపడు, దాని చక్రాన్ని త్రిప్పుతూ కూర్చుంటాడు. యంత్రం అమర్చి, అది సరిగా పనిచేస్తున్నదని తేలి, నెలల తరబడి శిక్షణ ఇచ్చినా తోటివారికి వచ్చిన ప్రగతి రాదు. లేదా వచ్చిన నాలుగు మాటలూ మాయమవుతాయి. చేతిసంజ్ఞల భాషలోనే పెరిగిన చెవిటి పిల్లలలో కూడ ఇట్టి గుర్తులు ఉన్నాయి. ఆటిజం గలవారు కొందరు సంజ్ఞ చేసేటప్పుడు అరచేతిని బయటికి త్రిప్పవలసినచోట లోపలికి త్రిప్పుతారని అమెరికాలో పరిశోధకులు గమనించినారు. ఎదుటివాని అరచేయి తనకు కనబడినట్లే తన చేతిని పెడతాడు.

ఒక్క లక్షణం చూసి ఎవరూ బెంబేలు పడవద్దు. కొందరు బిడ్డలు సిగ్గరులు. కొందరు గది చూచి బెదరుతారు. పలు లక్షణాలు, పలు తావులలో, పలు నెలలు నిలిచి ఉన్నప్పుడే అది ఆలోచించవలసిన సంగతి.

మా మనుమరాలు చెప్పిన ఒక ఉదంతం. మైపాడు దాపున ఒక పాలెం నుండి మత్స్యకార దంపతులు నాలుగేళ్ల కొడుకును తీసుకొని ఆమె వద్దకు వచ్చినారు. ప్రభుత్వ పథకంలో ఇంప్లాంట్ అమర్చి ఏడాదిన్నర దాటినది. మాట రాలేదు. అంతకు మునుపు చూచినచోట, ఇంటి వద్ద అభ్యాసం చేయించనందువల్లనే ఇట్లయినదని తల్లిని మందలించినారట. ఆమె చేపల బుట్ట ఎత్తడం మాని రోజంతా బిడ్డ ముందు కూర్చుని మాటలు చెబుతున్నది. పరీక్షలో బిడ్డ సన్నని శబ్దానికీ తల తిప్పినాడు. యంత్రం పనిచేస్తున్నది, బిడ్డ వింటున్నాడు. తల్లి పిలిస్తే మాత్రం తిరగలేదు. మా పిల్ల యంత్రాలన్నీ ప్రక్కన పెట్టి తల్లితో మాటలలో పడినది. "అమ్మా, పడవ ఒడ్డుకు వస్తుంటే నీకు చూపిస్తాడా?" "లేదు మేడం. పడవ వాడికి పట్టదు. వల బెండ్లు ఉంటాయే, అవి ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటా పొద్దుగూకేదాకా ఉంటాడు. ఒకటి తీస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు." ఇట్లాంటివే మరి కొన్ని అడిగి, ఇది చెవి సంగతి మాత్రమే కాకపోవచ్చుననీ, మరొక పరీక్ష అవసరమనీ, ఇందులో నీ లోపమేమీ లేదనీ చెప్పినది. ఆ తల్లి చాలసేపు ఏడ్చి, "నా వల్ల కాదన్నావు, అదే చాలు తల్లీ" అన్నదట. తరువాతి పరీక్షలలో ఆటిజం నిర్ధారణ అయినది. ఇప్పుడు ఆ బిడ్డ బొమ్మల చీటీలు అందించి నీళ్లు, అన్నం అడుగుతాడు. రెండు మూడు మాటలు కూడ వచ్చినవి.

ఇక్కడ ఒక మర్యాద చెప్పుకోవాలి. ఆటిజం ఉన్నదని నిర్ధారించడం శ్రవణ నిపుణుల అధికారం కాదు. అది పిల్లల వైద్యులు, మనస్తత్వ నిపుణులు కూడి చేయవలసినది. అనుమానాన్ని గుర్తించడం, తల్లిదండ్రులకు మెత్తగా చెప్పడం, చెవి ఎంత వింటున్నదో స్పష్టంగా వ్రాసి తగినవారి వద్దకు పంపడం వీరి పని. ఆ వ్రాత ఎంతో ముఖ్యం. ఎందుకంటే ఆటిజం పరీక్షకై వాడే ప్రశ్నావళులు వినికిడి గల పిల్లలను దృష్టిలో ఉంచుకొని కూర్చినవి. పేరు పిలిస్తే పలుకుతాడా, చెప్పిన పని అర్థమవుతుందా అనే ప్రశ్నలు వాటిలో ఉంటాయి. చెవిటి బిడ్డ ఆ ప్రశ్నలలో చెవుడు వల్లనే తప్పిపోతాడు. చెవి సంగతి ఎరుగనివాడు ఆ లెక్క కట్టితే లేని ఆటిజం ఉన్నట్లు రావచ్చు. చెవి సంగతి మాత్రమే ఎరిగినవాడు కట్టితే ఉన్నది లేనట్లు రావచ్చు. రెండు విద్యలవారు ఒకచోట కూర్చోవలెను.

తెలుగువారికి ఆ వసతి సికింద్రాబాదులో ఉన్నది. అక్కడి మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం గలవారి కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉన్నది. చెవుడు గలవారి కోసం ముంబయిలో 1983లో స్థాపించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడ ఆ తావులోనే ఉన్నది. మన దేశంలో ఆటిజాన్ని కొలిచే 40 అంశాల భారతీయ కొలమానం ఆ మొదటి సంస్థ కృషితోనే రూపొందినది. అంతదూరం పోలేనివారికి మొదటి మెట్టు దగ్గరలోనే ఉన్నది. 2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను చూస్తాయి. వారు చూడవలసిన లోపాలలో చెవుడూ ఉన్నది, ఆటిజమూ ఉన్నది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు చెవుడు గల చిన్నారులకు వినడం, పలకడం నేర్పే 'శ్రవణం' కేంద్రాన్ని నడుపుతున్నారు.

రెండూ ఉన్నవని తేలితే చెవి యంత్రం తీసివేయమని కాదు. వినికిడి ఆ బిడ్డకూ మేలే చేస్తుంది. మారేది శిక్షణ తీరు. మాట ఒక్కటే గమ్యమని పట్టుబట్టక బొమ్మలు, చేతిసంజ్ఞలు కూడ నేర్పుతారు. తలకు అయస్కాంతం తగలడమే సహించని బిడ్డకు రోజుకు కొన్ని నిమిషాలతో ఆరంభించి మెల్లగా పెంచుతారు. శబ్దం ఎక్కువైనదని చెప్పలేని బిడ్డ గనుక మ్యాపింగులో నాడి స్పందనను యంత్రంతోనే కొలిచి జాగ్రత్తగా అమర్చుతారు.

మొదటి పరీక్షకు పోయే తల్లిదండ్రులు ఇంటి వద్ద బిడ్డ ఆడుకొనే తీరును ఫోనులో రెండు మూడు నిమిషాలు చిత్రించి తీసుకొనిపోండి. కొత్త గదిలో కనబడనిది అందులో కనబడుతుంది. పాత పరీక్షల కాగితాలన్నీ ఒక సంచిలో ఉంచండి. నిపుణులు అడగకపోయినా, వేలితో చూపడం, చూచి అనుకరించడం, ఉత్తుత్తి ఆటలు ఉన్నవో లేవో మీరే చెప్పండి. చెవి సంగతి అడిగితే చెవి సంగతే చెప్పాలి కాబోలునని చాలమంది ఊరకుంటారట.

ఇట్టి బిడ్డను గూర్చి మనలో రెండు మాటలు వినిపిస్తాయి. పూర్వజన్మ పాపమని ఒకటి. అవధూత లక్షణమని మరొకటి. అవధూతలను కొలిచే నేల గనుక మన జిల్లాలో రెండవది హెచ్చు. భాగవతంలోని జడభరతుని ఉదాహరణ కూడ చూపుతారు. ఆయన జడునివలె, చెవిటివానివలె కావాలని ప్రవర్తించినవాడు. రహూగణునితో మాట్లాడవలసి వచ్చినప్పుడు మాట్లాడినాడు. మన బిడ్డ నటించడం లేదు. దైవాంశ అని చెప్పి చికిత్స ఆపడం, పాపమని చెప్పి తల్లిని కుమిలించడం, రెండూ ఆ బిడ్డకు ఒకటే ఫలితాన్ని ఇస్తాయి: కాలం పోతుంది. మెదడు భాషను గ్రహించే శక్తి తొలి మూడు నాలుగేళ్లలో ఉన్నట్లు తరువాత ఉండదు.

దాతలకు రెండు సంగతులు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో చెవుడు, ఆటిజం వేరువేరుగా ఉన్నవి. రెండూ కలిస్తే బహుళ వైకల్యంగా ధ్రువపత్రం ఇస్తారు. 1999లో ఏర్పడిన నేషనల్ ట్రస్టు పరిధిలో కేవలం చెవుడు లేదు, ఆటిజం ఉన్నది. కనుక రెండవది గుర్తింపబడిన బిడ్డకే ఏటా లక్ష రూపాయల వరకు చికిత్సా వ్యయాన్ని భరించే 'నిరామయ' బీమా వర్తిస్తుంది. ఈ కాగితాలు నింపించడం పాలేలలోని కుటుంబాలకు కష్టం. చదువుకొన్న భక్తులు నెలకొక పూట ఆ పనికి కూర్చుంటే అదీ సేవయే. ఇంప్లాంట్ ప్రభుత్వం ఇచ్చినా, తరువాత బ్యాటరీలు, తీగలు, తిరుపతికో చెన్నపట్నానికో బస్సు ఛార్జీలు, పోయిన రోజు కూలి, ఇవన్నీ ఆ ఇంటివే. చాలమంది పిల్లల ప్రాసెసర్లు బ్యాటరీ లేక గూటిలో పడి ఉంటాయని మా పిల్ల అంటుంది.

దేవస్థానం వారికి కూడ ఒక విన్నపం చేసినాను. ఉత్సవ దినాలలో మైకుల హోరుకు ఈ బిడ్డలు చెవులు మూసుకొని నేలమీద పడి దొర్లుతారు. చుట్టూ ఉన్నవారు పూనకమనో, పెంపకం లోపమనో అంటారు. తల్లి దర్శనం కాకుండానే తిరిగిపోతుంది. నెలకొక ఉదయం, మైకులు లేకుండ, వరుస లేకుండ, గంట కొట్టకుండ ఒక గంటసేపు ఇట్టి కుటుంబాలకు దర్శనం ఏర్పాటు చేయవచ్చునా అని అడిగినాను. ఆలోచిస్తామన్నారు.